క్రోషేకి నిగనిగలాడే రంగు దారం ఎంచుకోవడం

దారం ఉండగా చుట్టి ఉన్నప్పుడు పండుమిరపలా మెరిసిన ఎరుపు, నాలుగు వరసలు అల్లేసరికి ఇటుక రంగులోకి దిగిపోయినట్టు ఉంటుంది. దారం మారలేదు. ఉండ మీద పోగులన్నీ ఒకే వాలుగా నున్నగా పరుచుకుని వెలుతురును తిప్పికొడతాయి. అల్లికలో ప్రతి కుట్టు చుట్టూ చిన్న గుంటలు, ఆ గుంటల్లో నీడలు. గట్టిగా అల్లిన సింగిల్ క్రోషే అనే పొట్టి కుట్టులో ఈ తేడా బాగా తెలుస్తుంది. అందుకని నిండు రంగు కావాలనుకుంటే, మనసులో ఉన్న ఛాయ కన్నా ఒక మెట్టు కాంతిగా ఉన్న ఉండ తీసుకోవాలి. రెండు ఛాయల మధ్య ఎటూ తేలకపోతే 12 చైన్లు (గొలుసు కుట్లు) వేసి 8 వరసలు అల్లి చూడండి. పావుగంట పని, చాలా దారం మిగులుతుంది.

రంగు కన్నా ముందు పీచు

చాలామంది రంగుల పట్టీ దగ్గర మొదలుపెడతారు. మొదలుపెట్టాల్సింది పీచు దగ్గర. ఒకే ఛాయను వేర్వేరు పీచులకు పట్టిస్తే ఒకటి మెరుస్తుంది, ఇంకొకటి సుద్ద పూసినట్టు ఉంటుంది.

నూలు దారమైతే లేబుల్ మీద ‘మెర్సరైజ్డ్’ అనే మాట వెతకండి. కాస్టిక్ సోడా ద్రావణంలో పడితే నూలు పీచు ఉబ్బుతుంది, మెలి తిరిగిన రిబ్బన్‌లా ఉన్నది గుండ్రంగా తేలుతుంది, రంగును ఎక్కువగా పీలుస్తుంది. ఈ సంగతి 1844లో జాన్ మెర్సర్ గమనించాడు. ఆ సమయంలో దారాన్ని బిగలాగి ఉంచితే పట్టు లాంటి మెరుపు వస్తుందని 1890 ప్రాంతంలో హొరేస్ లోవ్ చూపించాడు. మనం ఇవాళ వాడే మెరుపు నూలంతా ఆ రెండో పద్ధతిదే. దీనితో వచ్చే చిక్కు జారుడుతనం: ముడి నిలవదు, కొసలు బయటికి పాకుతాయి. కొసకు 15 సెంటీమీటర్లు వదిలి, సూదితో ఒకవైపు, తిరిగి రెండోవైపు, మళ్లీ మొదటివైపు దూర్చి దాచాలి.

అక్రిలిక్‌కి వాడే బేసిక్ రంగులు సహజంగానే చాలా కాంతివంతమైనవి, పీచును గట్టిగా పట్టుకుంటాయి. కళ్లు చెదిరే నియాన్ పసుపు, నియాన్ గులాబీ కావాలంటే అక్రిలిక్‌లోనో పాలిస్టర్‌లోనో వెతకండి, నూలులో వెతికి కాలం పాడుచేసుకోవద్దు. ఒక జాగ్రత్త: వేడి ఇస్త్రీపెట్టె తగిలితే అక్రిలిక్ అల్లిక చచ్చుబడి వేలాడుతుంది, మళ్లీ లేవదు. నియాన్ రంగులు ఎండకు తొందరగా వెలుస్తాయి కూడా. కిటికీకి వేలాడదీసే వస్తువులకు అవి పనికిరావు.

ఉన్నికి పుట్టుకతోనే మీగడ ఛాయ ఉంటుంది. లేత నీలం, లేత గులాబీ అందులో ఎప్పుడూ కొంచెం మాసినట్టే కనిపిస్తాయి. ముదురు ఎరుపు, ఊదా, నెమలికంఠం మాత్రం లోతుగా ఎక్కుతాయి. మొహైర్ లాంటి నూగు దారాలు, ‘హెదర్’, ‘ట్వీడ్’ అని రాసినవి అందంగానే ఉంటాయి కానీ ఈ పనికి కావు. నూగు వెలుతురును చెదరగొడుతుంది, హెదర్‌లో, ట్వీడ్‌లో వేరే రంగు పీచులు ముందే కలిపి వడుకుతారు.

తెర మీద చూసి కొనేటప్పుడు

ఎరుపు, ఊదా, నెమలి రంగు: ఈ మూడూ ఫొటోల్లో ఎక్కువగా మోసం చేస్తాయి. ఊదా నీలంలా పడుతుంది, గాఢమైన ఎరుపు లోపలి వివరాలు పోయి ఒకే ముద్దలా కనిపిస్తుంది, కొన్ని నెమలి ఛాయలను మామూలు తెర అసలు చూపించలేదు. ఫోన్‌లో తెరను పసుపుగా మార్చే నైట్ మోడ్ తీసేసి, కొన్నవాళ్లు పగటి వెలుతురులో తీసిన ఫొటోలు చూడండి. రంగు పేరును నమ్మకండి, కంపెనీ ఇచ్చిన రంగు నంబరు రాసుకోండి. ఒకే కంపెనీ రెండు రకాల దారాలకు ఒకే పేరు పెట్టినా రంగులు కలవకపోవచ్చు. పెద్ద దుప్పటి తలపెడితే అసలు దారం ముక్కలు అంటించిన షేడ్ కార్డు తెప్పించుకోవడం లాభమే.

షాపులో కొంటుంటే ఉండలను వాకిట్లోకి తెచ్చి చూడండి. ట్యూబ్‌లైటు కింద జత కుదిరిన రెండు నీలాలు పగటి వెలుతురులో విడిపోవచ్చు. ఇంకో పని: దారాన్ని రెండు వేళ్ల మధ్య పురికి ఎదురుగా తిప్పి పోగులు విడదీయండి. లోపలి పోగులు బయటివాటి కన్నా పాలిపోయి ఉంటే రంగు లోపలిదాకా పట్టలేదన్నమాట. అల్లే కొక్కెం పోగులను చీల్చిన ప్రతిచోటా తెల్లటి చుక్క కనిపిస్తుంది.

రంగు దిగుతుందా?

ఎరుపు, నల్ల నీలం, నలుపు, ముదురు గులాబీ తెలుపుతో కలవబోతుంటే ఈ పరీక్ష తప్పదు. 30 సెంటీమీటర్ల దారం తెంపి తెల్లటి నూలు గుడ్డముక్కకు చుట్టండి. గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క బట్టల సబ్బుద్రవం వేసి, అరగంట నాననిచ్చి, పిండకుండా గుడ్డ మడతల మధ్య నొక్కి, చుట్టు విప్పకుండానే ఆరబెట్టండి. ఆరాక విప్పితే, దారం ఆనినచోట గీతలు పడ్డాయో లేదో తెలిసిపోతుంది. పొడిగా కూడా ఒకసారి తెల్లటి టిష్యూతో పదిసార్లు రుద్దండి. నీళ్లలో నిలిచిన రంగు రాపిడికి ఊడొచ్చు.

నూలుకు వాడే రియాక్టివ్ రంగులో కొంత భాగం పీచుతో కాక నీళ్లతో కలిసిపోతుంది. అద్దకం తర్వాత సరిగ్గా ఉతకకపోతే ఆ మిగులు దారంలోనే ఉండిపోయి మీ తెల్ల గడి (విడిగా అల్లి తర్వాత కలిపే చదరపు ముక్క) మీదికి వస్తుంది. దీనికి వెనిగర్, ఉప్పు పనిచేస్తాయనే మాట బాగా ప్రచారంలో ఉంది. నూలు దారానికి అవి చేసేదేమీ లేదు. మిగులు రంగు పోవాలంటే వేడి నీళ్లే దారి. లేబుల్ ఒప్పుకుంటే 60 డిగ్రీల నీళ్లలో, నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించాలి. చిలపగా, అంటే పొడవాటి చుట్టగా కొన్న దారాన్ని ఉండ చుట్టకముందే, నాలుగుచోట్ల వదులుగా కట్టి ఉతకండి. ఉండగా చుట్టాక లోపలిదాకా జాడించడం కుదరదు. నాలుగైదుసార్లు ఉతికినా నీళ్లు రంగుగానే వస్తుంటే ఆ దారాన్ని ఒంటి రంగు వస్తువుకు వాడుకోండి.

పక్కన ఏం పెడతారు

ఐదు రంగులూ ఒకే గొంతుతో అరిస్తే ఏదీ వినబడదు. నిండు పసుపు బూడిద రంగు పక్కన వెలిగినట్టు నారింజ పక్కన వెలగదు. ఎంచుకున్న ఉండలన్నీ వరసగా పెట్టి ఫోన్‌లో నలుపు తెలుపు ఫొటో తీయండి. ఎరుపూ ఆకుపచ్చా కంటికి ఆమడ దూరంగా ఉన్నా, ఈ ఫొటోలో చాలాసార్లు ఒకే బూడిదగా పడతాయి. అలాంటి రెండింటితో పువ్వుల డిజైన్ వేస్తే దూరం నుంచి పువ్వు కనిపించదు. ఒకటి లేతది, ఒకటి నడిమిది, ఒకటి ముదురుది ఉండేలా మార్చండి.

బొమ్మలు అల్లేవారికి ఇంకో చిక్కుంది. ముదురు దారం కుట్ల సందుల్లోంచి తెల్ల దూది తొంగిచూస్తే రంగు మాసినట్టు కనిపిస్తుంది. డీకే అనే నడిమి మందం నూలుకు 4 మి.మీ. కొక్కెం బదులు 2.5 లేదా 3 మి.మీ. వాడితే సందులు మూసుకుంటాయి.

ఎంత కొనాలి

తూకం వేసి లెక్కకట్టండి. గడి అల్లకముందు ఉండ 48.6 గ్రాములు, అల్లాక 45.1 అయితే ఆ రంగు గడికి 3.5 గ్రాములు పడుతోంది. 36 గడులకు 126 గ్రాములు. పదిశాతం కలిపితే 139, అంటే 50 గ్రాముల ఉండలు మూడు. ప్రతి రంగుకూ విడిగా ఇలాగే చూడాలి, ఎందుకంటే బయటి చుట్టు లోపలి చుట్టు కన్నా ఎన్నో రెట్లు తింటుంది.

ఆ మూడు ఉండల మీదా డై లాట్ నంబరు ఒకటే ఉండాలి. ఒక తడవ అద్దకానికీ ఇంకో తడవకీ కొద్ది తేడా ఉంటుంది. నిండు రంగుల్లో ఆ తేడా అల్లికలో అడ్డగీతలా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. లేబుళ్లు పని అయ్యేదాకా పారేయకండి. అదే లాట్ ఇక దొరకని పరిస్థితి వస్తే, పాత ఉండ పూర్తిగా అయిపోకముందే కొత్తది అందుకోండి: రెండు వరసలు పాతది, రెండు వరసలు కొత్తది, ఇలా పది పన్నెండు వరసలు మార్చి మార్చి అల్లి, తర్వాత పూర్తిగా కొత్తదానికి వెళ్లండి. గడుల దుప్పటిలో అయితే ఇంత శ్రమ లేదు. కొత్త లాట్ గడులను ఒకేచోట గుంపుగా కాక దుప్పటంతా చల్లినట్టు అమర్చితే చాలు.