మనవాడు ట్యూన్ కట్టి వినిపిస్తే ఏం చెప్పాలి?

మా విజయనగరంలో సంగీతానికి కొదవ లేదు. 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల ఊళ్లోనే ఉంది. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వయొలిన్ నేర్పింది అక్కడే. అయినా ఇంట్లో కుర్రాడు కీబోర్డు మీద ఏదో కట్టి "ఎలా ఉంది మావయ్యా?" అంటే మన నోట వచ్చేది ఒకటే మాట: "బావుందిరా." మా మేనల్లుడికి నేనూ చాలాకాలం అదే చెప్పాను. ఓసారి వాడు "ఏం బావుంది?" అన్నాడు. నేను నీళ్లు నమిలాను. అప్పట్నుంచి ఈ పద్ధతి పట్టుకున్నాను.

మొదటిసారి ఆపకుండా వినండి. ఫోన్ స్పీకర్‌లో వద్దు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. చిన్న స్పీకర్‌లో తబలా జతలోని డగ్గా, బేస్ గిటార్ సరిగ్గా పలకవు. అవి వినపడక "ట్యూన్ పల్చగా ఉంది" అనేస్తే తప్పు మనదే.

రెండోసారి కాగితం, పెన్ను తీసుకోండి. "1:20 దగ్గర ధ్యాస పక్కకి పోయింది", "2:05 దగ్గర మొదటి వరస తిరిగొచ్చింది, తల ఊపాను" అని టైంతో సహా రాసుకోండి. కారణం తెలియకపోయినా ఫరవాలేదు. చేత్తో తాళం కూడా వేసి చూడండి. ఆది తాళమైతే ఆవర్తానికి, అంటే తాళం ఒక చుట్టు తిరగడానికి, 8 అక్షరాలు (లెక్కలు). చెయ్యి ఎక్కడ తప్పిందో అదీ రాయండి.

మూడోది, నోరు తెరిచే ముందు అడగడం. మావాడు మోహన రాగంలో ఎత్తుకుని నడుమ మధ్యమం (మ స్వరం) తగిలించాడు. మోహనంలో మధ్యమం, నిషాదం (ని) ఉండవు కదా, పట్టేశాననుకున్నాను. "అక్కడేం చేద్దామనుకున్నావురా?" అంటే, "కావాలనే మావయ్యా, కాస్త దిగులు రావాలని" అన్నాడు. దాంతో తప్పా ఒప్పా అన్న గొడవ పోయింది. ఇక మిగిలింది, ఆ దిగులు నాకు అందిందా లేదా అన్నదే. అందలేదు. ఆ స్వరం ఒక్కసారే, అదీ గబగబా వెళ్లే చోట పడింది కాబట్టి వేలు జారినట్టుంది. "దాని మీద కాసేపు నిలబడు, లేదా తీసెయ్" అన్నాను.

లోపాలు ఒకటో రెండో చాలు. పది చెబితే పిల్లాడికి టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. నేనైతే ముందు వాయిద్యం స్వభావం చూస్తాను, ఎందుకంటే కీబోర్డు వాళ్లు ఎక్కువగా బోల్తా పడేది అక్కడే. మావాడి ట్యూన్‌లో వేణువు 40 సెకన్లు గుక్క తిప్పుకోకుండా మోగింది. "ఇదంతా ఒక్క ఊపిరిలో కూనిరాగం తీయరా" అన్నాను. సగంలోనే ఊపిరి అందక నవ్వేశాడు. రెండు చోట్ల ఖాళీలు తనే పెట్టుకున్నాడు. వీణ సంగతీ అంతే. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసకర్రతో చేసే వీణ ఎంత బాగా పలికినా, తీగ మీటాక నాదం తగ్గుతూ పోతుంది. వయొలిన్ కమానులా లాగి నిలపలేం.

మెచ్చుకోలుకీ చోటు చూపించండి. "బావుంది" కన్నా "మృదంగం ఆగి వేణువు ఒక్కటే మిగిలినచోట బావుంది" అంటే పిల్లలు నమ్ముతారు. చుట్టాల ముందు మాత్రం వద్దు, పొగడ్తైనా సరే.

కీబోర్డు లాక్కుని "ఇలా వాయించాలి" అని చూపించకండి. నేను ఒకసారి చేశాను. ఆ ట్యూన్ బాగుపడింది, కానీ వాడు దాన్ని మళ్లీ ముట్టుకోలేదు.

వారం తర్వాత మార్చినది అడిగి వినండి. మావాడు మధ్యమం తీయలేదు. నాలుగు ఆవర్తాలు దాని మీదే నిలిచాడు. దిగులు వచ్చింది గానీ, తిరిగి మోహనంలోకి దిగే చోట నాకింకా కుదుపు తగులుతోంది. ఆ మాటా టైంతో సహా చెప్పాను.