బ్రూజ్‌లో రెండు రాత్రులు: ప్లాన్ ఎలా వేసుకోవాలి?

బెల్జియంలోని బ్రూజ్‌కు వచ్చేవాళ్లలో చాలామంది పొద్దున దిగి, నాలుగు ఫొటోలు తీసుకుని, సాయంత్రానికి బ్రస్సెల్స్‌కో పారిస్‌కో వెళ్లిపోతారు. మీరు మాత్రం ఆ పని చేయకండి. ఆ జనమంతా వెళ్లాకే ఊరు బాగుంటుంది. పడవలు ఆగిపోయి కాలువ నీళ్లు నిశ్చలమవుతాయి. పాత ఇటుక గోడలు, రాతి వంతెనలు, దీపాలు అన్నీ అందులో కనిపిస్తాయి. అందుకే కనీసం రెండు రాత్రులు అక్కడే ఉండేలా చూసుకోండి. మిగతాదంతా దాన్నిబట్టి సర్దుకోవచ్చు.

ముందు వీసా సంగతి

భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు షెంజెన్ వీసా, అంటే బెల్జియంతో సహా యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి పనికొచ్చే వీసా కావాలి. లండన్‌లో ఆన్‌సైట్ మీద ఉన్న మనవాళ్లు కొందరు బ్రిటన్ వీసాతో పని అయిపోతుందనుకుంటారు. అవ్వదు, షెంజెన్ విడిగా తీసుకోవాల్సిందే. యూరప్‌లో రెండు మూడు దేశాలు తిరుగుతుంటే, ఎక్కువ రోజులు ఉండే దేశానికి అప్లై చేయాలి. అన్నిచోట్లా సమానంగా ఉంటే, మొదట అడుగుపెట్టే దేశానికి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి అప్లై చేయవచ్చు. కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలన్నది రూలే గానీ, అంతవరకు ఆగితే టెన్షన్ తప్పదు. రెండు మూడు నెలల ముందే మొదలుపెట్టండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ 30,000 యూరోలకు తగ్గకూడదు. వీసా చేతికొచ్చేదాకా, క్యాన్సిల్ చేస్తే డబ్బు తిరిగొచ్చే రూములే బుక్ చేయండి.

ఏ నెలలో వెళ్లాలి?

ఏప్రిల్, మే, సెప్టెంబర్ మంచివి. పడవలు ప్రధానంగా మార్చి నుంచి నవంబర్ సగం దాకా తిరుగుతాయి. డిసెంబర్‌లో ఐదు కాకముందే చీకటి పడిపోతుంది, జూన్‌లో రాత్రి పది దాకా వెలుతురు ఉంటుంది. శని, ఆదివారాలు తప్పించగలిగితే రద్దీ తగ్గుతుంది.

రైలు, రూము

బ్రస్సెల్స్ నుంచి రైల్లో సుమారు గంట ప్రయాణం. ఈ లోకల్ రైళ్లలో సీటు రిజర్వేషన్ ఉండదు, ఏది ముందొస్తే అది ఎక్కడమే. లండన్ నుంచి యూరోస్టార్ రైల్లో వచ్చేవాళ్లు బ్రస్సెల్స్ మిడి స్టేషన్‌లో మారితే చాలు. బ్రూజ్ స్టేషన్ నుంచి ఊరి నడిబొడ్డున ఉన్న మార్క్ట్ చౌక్‌కు ఇరవై నిమిషాల నడక. దారంతా రాళ్లు పరిచి ఉంటుంది కాబట్టి పెద్ద సూట్‌కేస్ చక్రాలు అడుగడుక్కీ ఇరుక్కుంటాయి. చిన్న బ్యాగు తెచ్చుకోండి, లేదంటే బస్సెక్కండి.

పాత ఊరు కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, దాని చుట్టూ కాలువ. రూము ఆ గుడ్డు లోపలే తీసుకోండి. చాలా హోటళ్లు పాత ఇళ్లలోనే నడుస్తున్నాయి. అమ్మానాన్నలతో వెళ్తుంటే లిఫ్ట్ ఉందా అని ముందే అడగండి.

మొదటి సాయంత్రం నడక మాత్రమే

ఆ రోజు టికెట్లేవీ కొనకండి. రోజెన్‌హూడ్‌కాయ్ అనే కాలువ గట్టు దగ్గరికి వెళ్లి నిలబడండి. కాలువ మలుపు తిరిగేచోట, ఇళ్ల వెనక నుంచి గంటల గోపురం కనిపిస్తుంది. ఇదంతా ఇలా మిగిలిందంటే ఒక కష్టం వల్లే. ఒకప్పుడు జ్విన్ అనే పాయ ద్వారా సముద్రపు ఓడల సరుకు ఇక్కడికి చేరేది. ఆ పాయ ఇసుక మేటలతో పూడిపోయింది, వ్యాపారం ఆంట్వెర్ప్ అనే మరో రేవు పట్టణానికి తరలిపోయింది. చేతిలో డబ్బు లేని ఊరు పాత ఇళ్లు పడగొట్టి కొత్తవి కట్టలేకపోయింది. 2000లో యునెస్కో ఈ పాత నగరాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

రెండో రోజు

పొద్దున్నే పడవ ఎక్కండి. అరగంట తిప్పుతారు. మధ్యాహ్నానికి క్యూ పెరిగిపోతుంది.

తర్వాత గంటల గోపురం. ఎత్తు 83 మీటర్లు, మెట్లు 366. పైకి వెళ్లేకొద్దీ మెట్లు సన్నబడి మెలికలు తిరుగుతాయి. దిగేవాళ్లు ఎదురైతే గోడకు ఒత్తుకుని నిలబడాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కిందే కూర్చుని గంటలు వినడం మేలు. పైన 47 గంటలున్నాయి, వాటితో పాటలే వాయిస్తారు.

అవర్ లేడీ చర్చిని మాత్రం తీరిగ్గా చూడండి. అక్కడ మైకెలాంజెలో చెక్కిన మేరీమాత, బాల యేసుల పాలరాతి విగ్రహం ఉంది. నాలుగడుగులకు కాస్త ఎక్కువ, అంతే. పిల్లవాడు తల్లి ఒళ్లో లేడు. ఆమె మోకాళ్ల మధ్య నిలబడి, ఒక చేత్తో తల్లి చేయి పట్టుకుని, కిందికి దిగబోతున్నాడు. తల్లి అతన్ని పట్టి ఆపదు, చూపు కూడా అతని మీద లేదు. నేను చర్చి చూద్దామని వెళ్లి, ఆ రెండు చేతుల దగ్గరే ఆగిపోయాను. ఈ విగ్రహాన్ని 1794లో ఫ్రెంచి వాళ్లు, 1944లో జర్మన్లు ఎత్తుకుపోయారు. రెండుసార్లూ తిరిగొచ్చింది.

తిండి

బెల్జియంలో బంగాళాదుంప ఫ్రైస్‌ను చాలాచోట్ల ఆవు కొవ్వులో వేయిస్తారు. శాకాహారులే కాదు, బీఫ్ తిననివాళ్లెవరైనా ఏ నూనె అని అడిగాకే కొనాలి. ఇంగ్లిష్‌లో అడిగితే చక్కగా చెబుతారు. హోటల్లో మంచినీళ్లకు కూడా బిల్లు వేయడం మామూలే.

చివరి పొద్దు

బెగైన్‌హోఫ్‌ను ఆఖరి పూటకు ఉంచుకోండి, స్టేషన్‌కు వెళ్లే దారిలోనే ఉంటుంది. 1245 నాటి స్త్రీల ఆవాసం ఇది. తెల్ల ఇళ్ల మధ్య పొడుగాటి చెట్లు, వసంతంలో పసుపు పచ్చని డాఫడిల్ పూలు. ఇప్పటికీ మనుషులు ఉంటున్న చోటు కాబట్టి గొంతు తగ్గించి మాట్లాడండి.

చాక్లెట్లు వెళ్లే రోజే కొనండి. క్రీమ్ నింపినవి ఎక్కువ రోజులు నిలవుండవు, మన ఎండకు ఇట్టే కరిగిపోతాయి. కొన్నింటిలో మద్యం కలుపుతారు. ఇంట్లో పెద్దవాళ్లకు, పిల్లలకు ఇవ్వడానికైతే అది లేనివి వేరే డబ్బాలో పెట్టించుకోండి.