వేడి పెంచితే సీఓ మళ్లీ పెరుగుతోందా? ముందు ఆక్సిజన్ పీక్ చూడండి

సమస్య: హైడ్రోజన్‌లోని సీఓను (కార్బన్ మోనాక్సైడ్) ఆక్సిజన్‌తో కాల్చి తీసేయాలి. అందుకని హైడ్రోజన్‌లో 1 శాతం సీఓ, 1 శాతం ఆక్సిజన్ కలిపి కాపర్ ఆక్సైడ్-సీరియా (సీరియం ఆక్సైడ్) క్యాటలిస్ట్ మీదుగా పంపుతున్నారు. 100 డిగ్రీల దగ్గర సీఓ దాదాపు పోయింది. 150 దాటగానే మళ్లీ పెరిగింది. వెంటనే "నానో కణాలు ముద్దకట్టాయి, క్యాటలిస్ట్ పోయింది" అనేసి, శాంపిల్‌ను ఎక్స్‌ఆర్‌డీకి (కణాల సైజు అంచనా వేసే ఎక్స్‌రే పరీక్ష) పంపేస్తారు.

అంతకంటే ముందు, బయటికొచ్చే గ్యాస్‌లో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూశారా? జీసీ (గ్యాస్‌లో ఏది ఎంత ఉందో కొలిచే గ్యాస్ క్రోమటోగ్రాఫ్) చార్ట్‌లో ఆ పీక్ కళ్లెదుటే ఉంటుంది, అయినా పట్టించుకునేవాళ్లు తక్కువ. అది సున్నా అయితే మిగిలిన సీఓను కాల్చడానికి ఇక ఆక్సిజనే లేదన్నమాట. వేడెక్కేకొద్దీ హైడ్రోజన్ కూడా కాలడం మొదలుపెట్టి, సీఓకి అందాల్సిన ఆక్సిజన్‌ను తినేస్తుంది. ఫర్నేస్‌ను తిరిగి 100కి దించండి. పాత అంకె వచ్చిందంటే క్యాటలిస్ట్ బాగానే ఉన్నట్టు.

అసలు దొంగ వేరే చోట ఉంటాడు: థర్మోకపుల్, అంటే ఉష్ణోగ్రత కొలిచే తీగ. అది ట్యూబు బయట ఫర్నేస్ గోడకు ఆనుకుని ఉంటే, మీరు రాసుకునే 110 డిగ్రీలు గోడవి, బెడ్‌వి (ట్యూబులో కూరిన క్యాటలిస్ట్ పొడివి) కావు. ఆ 1 శాతం ఆక్సిజన్ మొత్తం ఖర్చయి, వేడి బయటికి పోయే దారి లేకపోతే గ్యాస్ ఉష్ణోగ్రత ఉన్నదానికంటే ఇంకో 150 డిగ్రీలకు పైనే పెరగగలదు. ట్యూబులో కొంత వేడి పోతుంది, నిజమే. కానీ పొడిని దట్టంగా కూరి, ఫ్లో పెంచితే బెడ్ మొదట్లోనే హాట్‌స్పాట్ పుడుతుంది. స్క్రీన్ మీద మాత్రం అంతా ప్రశాంతం. ఇక్కడ చాలామంది సీఓ తగ్గలేదని ఆక్సిజన్ పెంచుతారు. దాంతో వేడి ఇంకా పెరిగి, హైడ్రోజన్ ఇంకా ఎక్కువ కాలుతుంది.

పరిష్కారం: థర్మోకపుల్ మొనను బెడ్‌లోకే దించండి. క్యాటలిస్ట్ తగ్గించి, అదే సైజు క్వార్ట్జ్ లేదా సిలికాన్ కార్బైడ్ పొడితో పల్చన చేయండి. ఫర్నేస్ సెట్‌పాయింట్ తగ్గించండి. అప్పటికీ చాలకపోతే ఆక్సిజన్‌ను రెండు విడతలుగా ఇచ్చి, మధ్యలో గ్యాస్‌ను చల్లార్చండి.

ఉష్ణోగ్రత కదలకుండానే, ఆక్సిజన్ మిగిలి ఉండగానే కన్వర్షన్ (సీఓలో ఎంత శాతం కాలిపోయిందన్న లెక్క) మెల్లగా పడిపోతుంటే అది వేరే కథ. తేమ, లేదా ఉపరితలం మీద పేరుకున్న కార్బొనేట్లు కావచ్చు. చెన్నై గాలిలో పొడిని బెంచీ మీద వదిలేసి, పొద్దున్నే నేరుగా ట్యూబులో వేస్తే ఇంకేమవుతుంది? కోబాల్ట్ ఆక్సైడ్ అయితే తేమకు మరీ సున్నితం. పొడిని డెసికేటర్‌లో (తేమ తగలని మూత డబ్బా) పెట్టండి. రన్‌కు ముందు పొడి గాలిలో 300 డిగ్రీల దగ్గర ఓ గంట వేడిచేయండి. రన్ తర్వాత చేస్తుంటే మాత్రం ముందు నైట్రోజన్‌తో లైన్ పూర్తిగా కడగండి, హైడ్రోజన్ మీదికి గాలి వదలొద్దు. ఫీడ్‌లోనే ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ ఉంటే అదే కన్వర్షన్‌కు ఎక్కువ వేడి కావాల్సి రావడం మామూలే, టెన్షన్ పడొద్దు.

మిగతావి అరుదు. 200 పైన, ఫీడ్‌లో కార్బన్ డయాక్సైడ్ ఉంటే రివర్స్ షిఫ్ట్ (కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ కలిసి సీఓ, నీరుగా మారే చర్య) వల్ల కొంత సీఓ కొత్తగా పుడుతుంది. అంత వేడికి వెళ్లకపోతే సరి. స్టీల్ సిలిండర్ నుంచి ఐరన్ కార్బొనిల్ (ఇనుము, సీఓ కలిసి ఏర్పడే ఆవిరి) వస్తోందని అనుమానం ఉంటే సీఓ లైన్‌లో యాక్టివేటెడ్ కార్బన్ ట్రాప్ ఒకటి పెట్టండి.