పాత పెట్రోల్ ట్రాక్టర్ స్టార్ట్ కావట్లేదా? కరెంటు ఎక్కడ ఆగిందో ముందు పట్టుకోండి

ట్రాక్టర్ మొరాయించగానే ముందు బ్యాటరీ మారుస్తారు, తర్వాత కాయిల్ (స్పార్క్ కోసం వోల్టేజి పెంచేది), ఆ తర్వాత ప్లగ్గులు. చాలాసార్లు చివరికి దొరికే దొంగ తుప్పు పట్టిన ఎర్త్ వైరే (బ్యాటరీని బాడీకి కలిపేది). అందుకే పార్టు కొనే ముందు వోల్ట్‌మీటరు తియ్యండి. ఇదంతా పాయింట్లు (కాయిల్‌కు కరెంటును కలుపుతూ తెంచుతూ ఉండే చిన్న స్విచ్), ప్లగ్గులు ఉన్న పాత పెట్రోల్, కిరోసిన్ ఇంజన్ల సంగతి. డీజిల్ బండికైతే సెల్ఫ్, ఛార్జింగ్ భాగాల వరకే పనికొస్తుంది.

బండి ముట్టుకునే ముందు గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూడండి. గేరులో ఉండగా సెల్ఫ్ టర్మినళ్లు కలిపితే బండి మీదికే వస్తుంది. తర్వాత బ్యాటరీ 6 వోల్టులదా, 12 వోల్టులదా, ఏ కొస ఎర్త్ అయిందో చూసుకోండి. 1947–52 నాటి ఫోర్డ్ 8ఎన్‌లో 6 వోల్టులు, పాజిటివ్ ఎర్త్. ఇప్పటి అలవాటు కొద్దీ నెగటివ్‌ను బాడీకి బిగిస్తే బ్యాటరీ, దాన్ని ఛార్జి చేసే డైనమో ఎదురెదురు నిలిచి కటౌట్ (ఆ రెంటినీ కలిపే, తెంచే స్విచ్) పాయింట్లు కాలిపోతాయి.

సెల్ఫ్ తిరగదు, లేదా మూలుగుతూ తిరుగుతుంది

ఒకరు సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ పోస్టుల మీద మీటరు పెట్టండి. 6 వోల్టుల బ్యాటరీ 4.8 కంటే, 12 వోల్టులది 9.6 కంటే కిందికి జారితే ఛార్జి చేసి మళ్లీ చూడండి. అప్పుడూ జారితే బ్యాటరీ పనైపోయినట్టే. ఊరికే ఉన్నప్పుడు చూపే వోల్టేజిని నమ్మకండి, చచ్చిన బ్యాటరీ కూడా లోడు లేకపోతే దర్జాగా 6 చూపిస్తుంది.

బ్యాటరీ నిలబడితే వైర్ల వంతు. మీటరు ఒక ముల్లు ఎర్త్ కాని బ్యాటరీ పోస్టు మీదే (క్లాంపు మీద కాదు), రెండోది సెల్ఫ్ టర్మినల్ మీద పెట్టి మళ్లీ సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు మించి చూపిస్తే ఆ దారిలోనే కరెంటు పోతోంది. ఎర్త్ పోస్టుకీ ఇంజన్ మీద పెయింటు లేని ఇనుముకీ మధ్య కూడా ఇలాగే చూడండి. 6 వోల్టుల బండికి అంతే బలం కావాలంటే రెట్టింపు కరెంటు లాగాలి. కారు కోసం చేసిన సన్న కేబుల్ దానికి చాలదు. లావు కేబుల్ వెయ్యండి, కొసలు మెరిసేదాకా గీకండి, ఎర్త్‌ను నేరుగా ఇంజనుకే బిగించండి. సెల్ఫ్‌కు పూర్తి వోల్టేజి అందినా తిరగకపోతే బ్రష్షులు చూడాలి, లేదంటే ఇంజనే పట్టేసి ఉంటుంది.

సెల్ఫ్ బాగానే తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు

ప్లగ్ వైరు ఊడదీసి, రబ్బరు పిడి ఉన్న పటకారుతో ఇనుముకు 6 మిల్లీమీటర్ల దూరంలో పట్టుకుని సెల్ఫ్ కొట్టించండి. దగ్గర్లో పెట్రోల్ చెమ్మ ఉండకూడదు. నీలంగా టపటపమంటే స్పార్క్ బాగున్నట్టే, గొడవ పెట్రోల్‌లోనో టైమింగ్‌లోనో ఉంది.

స్పార్క్ అసలు లేకపోతే కాయిల్ నుంచి పాయింట్లకు వెళ్లే టర్మినల్‌కూ ఎర్త్‌కూ మధ్య టెస్ట్ లాంప్ (రెండు వైర్లున్న చిన్న బల్బు) పెట్టి సెల్ఫ్ కొట్టించండి. మిణుకుమిణుకుమంటే పాయింట్లు పనిచేస్తున్నాయి, కాయిల్, డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్‌ను ఒక్కో ప్లగ్గుకు పంచేది) రోటరు, క్యాపు చూడండి. ఆరకుండా వెలుగుతుంటే పాయింట్లు కలవడం లేదు. అసలు వెలగకపోతే లాంప్‌ను స్విచ్ వైపు టర్మినల్‌కు మార్చండి. అక్కడా వెలగకపోతే తప్పు స్విచ్‌దో దాని వైరుదో. అక్కడ వెలిగితే కాయిల్ లోపల తెగిందనో, పాయింట్లు తెరుచుకోవడం లేదనో, కండెన్సర్ (పాయింట్ల మధ్య నిప్పురవ్వలను అణిచేది) షార్ట్ అయిందనో అర్థం.

నెలల తరబడి షెడ్డులో ఉన్న బండిలో పాయింట్లు కంటికి శుభ్రంగానే కనిపిస్తాయి, పైన కనపడని పొర పేరుకుంటుంది. గట్టి తెల్ల కాగితం ముక్క మధ్యలో పెట్టి లాగితే నల్లగా వస్తుంది. మరక పడని దాకా లాగుతూ ఉండండి. ఎమరీ పేపర్ వద్దు, దాని రవ్వలు అక్కడే ఇరుక్కుంటాయి. కామ్ (పాయింట్లను తెరిచే మిట్టల ఇరుసు) ఎత్తుకు వచ్చి పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నప్పుడు గ్యాపు చూడాలి. 8ఎన్‌లో డిస్ట్రిబ్యూటర్ ఇంజన్ ముందు ఉంటే 0.015 అంగుళం, పక్కన ఉండే తర్వాతి మోడల్‌కు 0.025. ఈ రెండూ తారుమారు చేసేవాళ్లు తక్కువేమీ కాదు.

స్పార్క్ పసుపుగా నీరసంగా ఉండి, పాయింట్ల మీద గుంటలు పడుతుంటే ముందు కండెన్సర్ మార్చండి. 12 వోల్టులకు మార్చిన బండిలో పాయింట్లు ఊరికే కాలిపోతుంటే 6 వోల్టుల కాయిల్‌కు రెసిస్టరు పెట్టకుండా వదిలేశారేమో చూడండి.

వేడెక్కాక ఆగిపోతుంది, చల్లారాక మళ్లీ నడుస్తుంది

ఆగిన మరుక్షణమే స్పార్క్ చూడాలి, పది నిమిషాలు ఆగితే సాక్ష్యం పోతుంది. స్పార్క్ లేకపోతే కాయిల్ లేదా కండెన్సర్. ఉంటే పెట్రోల్ ట్యాంకు మూత తియ్యండి. 'ఉష్' మని గాలి లాక్కుంటే మూతలోని రంధ్రం పూడిపోయింది, కరెంటుతో సంబంధమే లేదు.

మాగ్నెటో ఉన్న బండి

మాగ్నెటో తిరుగుతూ స్పార్క్‌కు కావాల్సిన కరెంటు తనే పుట్టిస్తుంది, దీనికి బ్యాటరీ అక్కర్లేదు. స్విచ్ వైరు మాగ్నెటోను ఎర్త్ చేస్తేనే ఇంజన్ ఆగుతుంది, కాబట్టి స్పార్క్ రాకపోతే ముందు ఆ వైరు విప్పి చూడండి. వస్తే వైరో స్విచ్చో షార్ట్ అయినట్టు. వైరు విప్పి ఉన్నంతసేపు ఇంజన్ స్విచ్‌తో ఆగదు, పెట్రోల్ కట్టెయ్యాల్సిందే. ఆ టర్మినల్‌కు బ్యాటరీ కరెంటు మాత్రం ఎప్పుడూ ఇవ్వకండి, మాగ్నెటో పాడవుతుంది.

ఛార్జింగ్ లేదు

ముందు బెల్టు, తర్వాత బ్రష్షులు. డైనమో విప్పి బిగించినా, ఎర్త్ కొస మార్చినా దాన్ని మళ్లీ పోలరైజ్ చెయ్యాలి, అంటే డైనమో కొసలను బ్యాటరీకి తగ్గట్టు సరిచెయ్యాలి. ఇంజన్ ఆపి, రెగ్యులేటర్ (ఛార్జింగ్‌ను అదుపు చేసే పెట్టె) మీద బ్యాటరీ టర్మినల్‌నూ ఆర్మేచర్ (డైనమో కరెంటు వచ్చే) టర్మినల్‌నూ వైరుతో ఒక్క క్షణం తాకించడం ఒక పద్ధతి. ఫీల్డ్ కాయిల్ డైనమో లోపలే ఎర్త్ అయిన రకానికి ఇది కుదరదు. దానికి రెగ్యులేటర్ నుంచి ఫీల్డ్ వైరు విప్పి బ్యాటరీ టర్మినల్‌కు తాకించాలి. డైనమో తీసేసి ఆల్టర్నేటర్ పెట్టిన బండిలో ఈ రెండూ చెయ్యకండి, డయోడ్లు పోతాయి.