హైదరాబాదులో ఇల్లు మారే ముందు ఆ కాలనీని ఎలా పరిశీలించాలి

అద్దె ఇల్లు చూడడానికి చాలామంది ఆదివారం ఉదయం వెళ్తారు. ఆ పూట నగరంలో ఏ వీధి అయినా ప్రశాంతంగానే కనిపిస్తుంది. ఇంట్లో గాలి, వెలుతురు చూసుకుని, తూర్పు ద్వారమో కాదో అడిగి, అడ్వాన్సు ఇచ్చేస్తారు. గోడలకు రంగు వేయించుకోవచ్చు, కుళాయి మార్పించుకోవచ్చు గానీ, పల్లపు వీధిని మెరక చేయించడం అద్దెకున్నవారి వల్ల కాదు. అందువల్ల అదే వీధికి మరో రెండు సార్లు, పనిదినాన ఉదయం తొమ్మిది గంటల వేళ ఒకసారి, రాత్రి తొమ్మిదిన్నర దాటాక ఒకసారి, తప్పక వెళ్లాలి. వానాకాలమైతే గట్టి వాన కురిసిన మర్నాడు ఇంకొకసారి వెళ్లడం అన్నిటికన్నా మేలు.

హైదరాబాదులో నేను మొట్టమొదట చూడమని చెప్పేది నీటి సంగతి. ఈ నగరం గొలుసుకట్టు చెరువుల మీద పెరిగింది. ఒక చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు కింది చెరువుకు చేరే దారులే నేటి నాలాలు. ఆ దారులకు ఇళ్లు అడ్డం వచ్చిన చోట వాన నీరు ఇళ్లలోకే వస్తుంది. 2020 అక్టోబరు 13, 14 తేదీల వానలకు టోలిచౌకిలోని నదీమ్ కాలనీ వంటివి రోజుల తరబడి నీటిలో ఉండిపోయాయి. పేర్లు కూడా కొంత చెబుతాయి: మాసాబ్ ట్యాంక్ ఒకప్పుడు నిజంగానే చెరువు. కాలనీ పేరులో కుంట, చెరువు, తలాబ్ వంటి మాట ఉంటే అది ఎక్కడుండేదో అక్కడి పెద్దవారిని అడగండి.

వీధిలో నడుస్తూ ప్రహరీ గోడల అడుగు భాగం చూడండి. మోకాలి ఎత్తున ఒకే మట్టంలో తడి చార ఇంటింటికీ సాగి ఉంటే, అది నీరు నిలిచిన గుర్తు. గడపల ముందు కొత్తగా కట్టిన ఎత్తైన సిమెంటు అడ్డుకట్టలు, సెల్లారులో ఎప్పుడూ సిద్ధంగా ఉంచిన మోటారు పంపు, రోడ్డు మట్టానికన్నా దిగువన ఉన్న వాకిలి కూడా అదే విషయం చెబుతాయి. సొంతానికి కొనేవారు ఇంతటితో ఆగకూడదు. నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ వెబ్‌సైటులో చెరువుల పటాలు ఉంటాయి. వాటిలో పూర్తి నీటిమట్టం, అంటే ఎఫ్‌టీఎల్ రేఖ, మీరు కొనబోయే స్థలానికి ఎంత దూరంలో ఉందో చూసుకోవాలి. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నవాటికి 9 మీటర్లు బఫర్‌గా, అంటే ఏమీ కట్టకుండా, వదలాలన్నది నిబంధన. 2024లో చెరువుల ఆక్రమణలను కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడిన తరువాత ఈ రేఖలకు ఎంత విలువ ఉన్నదో నగరమంతా చూసింది. శిఖం భూమిలో, అంటే చెరువు నీరు నిలిచే నేలలో, రిజిస్ట్రేషన్ జరిగినంత మాత్రాన ఇల్లు భద్రమని అనుకోకండి.

వేసవిలో ఇదే నీటి సంగతి తలకిందులవుతుంది. ‘ఇరవై నాలుగు గంటలూ నీళ్లు’ అని యజమాని చెప్పినప్పుడు అవి జలమండలి నీళ్లా, బోరు నీళ్లా, ట్యాంకరు నీళ్లా అని విడదీసి అడగాలి. నల్లా ఎన్ని రోజులకు ఒకసారి, ఎంతసేపు వస్తుంది, సంపు ఎంత పెద్దది, కిందటి మే నెలలో ఎన్ని ట్యాంకర్లు తెప్పించారు, ఆ ఖర్చు అద్దెలో ఉందా, నిర్వహణ రుసుములో వేరుగా వేస్తారా అని అడగండి. ఐటీ సంస్థలున్న పడమటి ప్రాంతాల్లో అద్దె చూసి లెక్క వేసుకున్న కుటుంబాలు వేసవిలో ట్యాంకర్ల లెక్కతో తలకిందులైన సందర్భాలు ఉన్నాయి.

రాత్రి వెళ్లినప్పుడు కారులో తిరిగి రావడం వల్ల ప్రయోజనం లేదు. బస్సు స్టాపు నుంచో మెట్రో స్టేషన్ నుంచో ఇంటి వరకు నడవండి. దారిలో ఎన్ని దీపాలు వెలుగుతున్నాయి, ఎన్ని కొట్లు తెరిచి ఉన్నాయి, ఖాళీ ప్లాట్ల పక్కన ఎంత దూరం ఒంటరిగా నడవాల్సి వస్తోంది, ఆ వేళ ఆడవాళ్లు, పిల్లలు బయట కనిపిస్తున్నారా అన్నవి గమనించండి. నా అనుభవంలో పదింటి దాకా తెరిచి ఉండే ఒక మందుల షాపూ, ఒక టిఫిన్ బండీ వీధికిచ్చే ధైర్యం గేటు మీది కెమెరా ఇవ్వదు. ఇంట్లో రాత్రి డ్యూటీ నుంచి వచ్చే ఆడపిల్ల ఉంటే ఆ నడకకు ఆమెనే తీసుకువెళ్లి, ఆమె మాటకే విలువ ఇవ్వండి. వీధికుక్కల సంగతి కూడా ఆ వేళే తెలుస్తుంది.

వాసన విషయం ఒక్కోసారి పగలు తెలియదు. జవహర్‌నగర్ డంపింగ్ యార్డు చుట్టుపక్కల కాలనీల్లో గాలి అటు నుంచి వీచినప్పుడు కిటికీలు తెరవలేని పరిస్థితి ఉంటుంది. పారిశ్రామిక వాడల దగ్గర కూడా రాత్రివేళ ఒకసారి నిలబడి చూడాలి. బడి, ఆసుపత్రి ఎంత దూరమో ఫోనులోనే తెలుసుకోవచ్చు, అయితే ఆ దూరాన్ని ఉదయం తొమ్మిదింటికి వెళ్లి కొలవండి.

చివరగా ఎవరిని అడగాలన్నది ముఖ్యం. బ్రోకరుకూ యజమానికీ ఇల్లు నిండడం కావాలి. ఇస్త్రీ బండి నడిపేవారికి, కిరాణా కొట్టువారికి, పక్క అపార్టుమెంటు వాచ్‌మన్‌కు మీరు వచ్చినా రాకపోయినా ఒకటే, కనుక వారు ఉన్నదున్నట్లు చెబుతారు. ‘ఇక్కడ బాగుంటుందా?’ అంటే మర్యాదకు ‘బాగుంటుంది’ అనే అంటారు. ‘మొన్నటి పెద్ద వానకు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయన్నా?’ అని అడగండి. చేత్తో చూపించి మరీ చెబుతారు. ఇంతకుముందు ఆ ఇంట్లో ఉన్న కుటుంబం ఎన్నాళ్లుండి, ఎందుకు ఖాళీ చేసిందో కూడా వారినే అడగండి.