ఫుడ్ స్టాల్ పెట్టేవాళ్లు టాయిలెట్, చేతుల శుభ్రత ఎలా చూసుకోవాలి?

స్టాల్ ఎక్కడ పెట్టాలా అని వెతికేటప్పుడు అందరూ జనం రద్దీ చూస్తారు. నన్నడిగితే ముందు చూడాల్సింది టాయిలెట్. అది దగ్గర్లో లేకపోతే పనిచేసేవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు, గంటల తరబడి ఆపుకుంటారు. ఆడవాళ్లకైతే ఇది నరకం.

1. టాయిలెట్ ఖాయం చేసుకోండి. పక్క షాపువాళ్లతో మాట్లాడి, మీ స్టాల్ నడిచే వేళలన్నిటిలో వాడుకోనిస్తామని కాగితం మీద రాయించుకోండి. కొన్నిచోట్ల లైసెన్స్ ఇవ్వడానికి ఈ కాగితం అడుగుతారు. లోపల నీళ్లు, సబ్బు ఉన్నాయో లేదో స్వయంగా వెళ్లి చూడండి.

2. స్టాల్‌లో చేతులకని విడిగా నీళ్లు పెట్టండి. కుళాయి ఉన్న మూత డబ్బా, సబ్బు, పేపర్ టవల్స్, కింద మురుగునీళ్ల బకెట్ చాలు. గిన్నెలు కడిగే తొట్టిలో చేతులు కడగొద్దు. మురుగునీళ్ల బకెట్ మంచినీళ్ల డబ్బా కంటే పెద్దదై ఉండాలి. అమెరికాలో ఆహార శుభ్రతకు నమూనా నియమావళి అయిన ఫుడ్ కోడ్ అయితే ఫుడ్ ట్రక్కులకు మురుగునీళ్ల ట్యాంకు 15 శాతం పెద్దదిగా ఉండాలంటుంది.

3. టాయిలెట్‌కి వెళ్లేముందు ఏప్రాన్, గ్లవ్స్ తీసేయండి. పని కాగానే సబ్బుతో కనీసం 20 సెకన్లు రుద్దండి. బొటనవేళ్లు, గోళ్ల సందులు, వేళ్ల కొసలు చాలామంది వదిలేస్తారు, మురికి దాక్కునేది అక్కడే. కడిగాక పేపర్ టవల్‌తో బాగా తుడుచుకోండి, తడి చేతులకు క్రిములు తొందరగా అంటుకుంటాయి. ఆ టవల్‌తోనే కుళాయి కట్టేసి, తలుపు తీయండి. స్టాల్‌కి వచ్చాక మళ్లీ కడుక్కోవాలి. ఇది చాదస్తం కాదు, దారిలో ఫోనో డబ్బులో ముట్టుకునే ఉంటారు. శానిటైజర్ ఉందిగా అంటారు కొందరు. వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్‌పై అది సరిగా పనిచేయదు. సబ్బూ నీళ్లే దాన్ని కడిగేస్తాయి. గ్లవ్స్ వేసుకునే ముందు కూడా చేతులు కడగాల్సిందే.

4. వాంతులో విరేచనాలో అయినవాళ్లను అవి తగ్గాక 48 గంటల వరకు ఆహారం ముట్టుకోనివ్వొద్దు. సెలవు పెడితే కూలి కోస్తారన్న భయం ఉంటే ఎవరూ నిజం చెప్పరు. ఆ రోజు కూలి ఇచ్చి ఇంటికి పంపండి.

5. స్టాల్ మూసేటప్పుడు మురుగునీళ్లను వాన కాలువలో కాకుండా డ్రైనేజీలో పోయండి. బకెట్ కడిగి బోర్లించండి.