100 వాట్ల బోర్డు, 9 వాట్ల మోత

ఇంట్లో చేసుకున్న యాక్టివ్ స్పీకర్‌లో (కింది స్వరాల వూఫర్‌కి, పై స్వరాల ట్వీటర్‌కి వేర్వేరు ఆంప్లిఫయర్లు) డప్పు దెబ్బ పడగానే వూఫర్ బరబరమనేది. దాన్ని నడిపే టీపీఏ3116 చిప్ ఆంప్ బోర్డు మీద చూస్తే 100 వాట్లని గొప్పగా అచ్చేశారు! మల్టీమీటర్ పెడితే అడాప్టర్ ఇచ్చేది 12 వోల్టులే. స్పీకర్ రెండు తీగలనూ నడిపే ఇలాంటి బ్రిడ్జ్ ఆంప్‌కి లెక్క సులువు: వోల్టేజీ వర్గాన్ని ఓమ్‌ల రెట్టింపుతో భాగించాలి. 8 ఓమ్‌ల వూఫర్‌కి మహా అయితే 9 వాట్లు.

24 వోల్టుల, 5 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) తెచ్చాను. చిప్ పరిమితి 26 వోల్టులు. బోర్డు కెపాసిటర్ల మీద పరిమితి 35 వోల్టులని ఉందో లేదో చూశాకే కలిపాను. లెక్క 36 వాట్లకు చేరింది. నాలుగు రెట్లంటే 6 డెసిబెల్సే ఎక్కువ, కానీ దరువు ఒక్కసారిగా ఎగసినప్పుడు ఆ అదనపు జాగానే కావాలి. బరబర పోయింది.

ట్వీటర్ ఆంప్‌ని పాత అడాప్టర్ మీదే వదిలేశాను, దానికి ఆ 9 వాట్లే ఎక్కువ. సప్లై మారినా గెయిన్ (ఆంప్ సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో అది) మారదు కాబట్టి, స్వరాలను వూఫర్‌కి, ట్వీటర్‌కి పంచే క్రాసోవర్ ముట్టుకోనక్కర్లేకపోయింది.